బంగారు మందు వెనుక భీమవరం మనిషి

ఒకప్పుడు పల్లెల్లో న్యుమోనియాకైనా, కలరాకైనా డాక్టర్లు రాసే మందుల్లో టెట్రాసైక్లిన్ ముఖ్యమైనది. ఆ కోవలో మొట్టమొదటిది ఆరియోమైసిన్. దాన్ని లోకానికి అందించిన పరిశోధనలకు నాయకత్వం వహించినవారు పశ్చిమ గోదావరి జిల్లా భీమవరంలో జన్మించిన డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు.

ఆయన 1895 జనవరి 12న జగన్నాథం, వెంకమ్మ దంపతులకు జన్మించారు. చిన్నతనంలోనే తండ్రి పోయారు. మెట్రిక్యులేషన్ రెండుసార్లు తప్పి, మూడోసారి గట్టెక్కారు. మద్రాసు వైద్య కళాశాలలో ఖద్దరు ధరించి ఆచార్యుని ఆగ్రహానికి గురయ్యారు. ఎం.బి.బి.ఎస్. దక్కక ఎల్.ఎం.ఎస్. పట్టాతో సరిపెట్టుకున్నారు. ఇంతలో అన్న, తమ్ముడు స్ప్రూ అనే పేగుల జబ్బుతో రోజుల తేడాలో కన్నుమూశారు. ఆ దుఃఖం ఆయనను జీవితాంతం వదలలేదు.

1922లో అమెరికా చేరి, ఆస్పత్రిలో రాత్రిపూట చిన్న పనులు చేస్తూ హార్వర్డ్‌లో చదివారు. అక్కడ ఉండగానే 1939లో పాంటోథెనిక్ ఆమ్లం అనే విటమిన్‌పై పరిశోధన ప్రచురించారు. 1940లో లెడర్లే సంస్థలో చేరారు. ఆయన నాయకత్వంలోని బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని తయారుచేసింది. సోదరులను బలిగొన్న స్ప్రూకు అది మందయింది. బోదకాలు క్రిములను చంపే హెట్రజాన్ కూడా ఆ పరిశోధనశాలదే.

అక్కడే డగ్గర్ అనే వృద్ధ శాస్త్రజ్ఞుడు మిస్సోరి మట్టిలో బంగారు రంగు సూక్ష్మజీవిని కనుగొన్నారు. ఆరియోమైసిన్‌ను తయారుచేసేది ఆ జీవే.

అది మందును ఎలా చేస్తుంది? దాని ఒంట్లోని ఎంజైములతో. ఎంజైము అంటే మడతలు పడిన మాంసకృత్తు. ఆ మడతల మధ్య గుంటలో సరిపోయే ముక్కలే ఇముడుతాయి. ఎంజైము మగ్గమైతే, దానికి నాడె కూడా కావాలి. పాంటోథెనిక్ ఆమ్లంతో తయారైన పొడవాటి చేయి చిన్న ముక్కలను మోసుకొచ్చి అందిస్తుంది. ఆ ముక్కలు గొలుసై, మడిచి నాలుగు ఉంగరాలవుతాయి. బి2 విటమిన్‌నుంచి వచ్చిన మరో తోడు సాయంతో క్లోరిన్ చేరుతుంది.

ఆఖరి మెట్టుకూ ఒక తోడు కావాలి. అది లేని సూక్ష్మజీవులు మందును పూర్తి చేయలేక మధ్యలోనే ఆగిపోతాయి. ఆ పదార్థాన్ని బయటినుంచి అందిస్తే పని పూర్తిచేస్తాయి. 1960లో దీన్ని వెల్లడించినదీ లెడర్లే శాస్త్రజ్ఞులే.

అది చూడటానికి సుబ్బారావుగారు లేరు. 1948 జూలైలో ఆరియోమైసిన్‌ను ప్రకటించారు. మరునెలలోనే ఆయన నిద్రలో గుండె ఆగి మరణించారు. మళ్ళీ స్వదేశం చూడలేదు. భార్య శేషగిరిగారు ఇక్కడే ఉండిపోయారు.

నేడు ఆరోగ్య కేంద్రంలో గర్భిణులకు ఇచ్చే ఐరన్ మాత్రలో ఫోలిక్ ఆమ్లం కూడా ఉంటుంది. ఇద్దరు సోదరులను పోగొట్టుకున్న భీమవరం మనిషి శ్రమ అలా మన ఊరిదాకా వచ్చింది.