ఛాయాచిత్రకళకు రాజు – దీన్ దయాళ్

మన సావనీరు పుటల్లో శాస్త్రవేత్తల జీవితాలు, దేశనాయకుల జీవితాలు ఏటా వస్తూనే ఉంటాయి. ఈసారి ఒక ఫోటోగ్రాఫరు జీవితం రాయదలచుకున్నాను. ఫిజిక్సు, కెమిస్ట్రీ చదివేవాడికి ఫోటోగ్రాఫరుతో ఏం పని అని ఒకరిద్దరు మిత్రులు అడిగారు. కాంతి ఫిజిక్సుది, ప్లేటు కెమిస్ట్రీది. ఈ రెంటినీ చేతిలో పెట్టుకుని ముఫ్ఫై ఏళ్ళపాటు మనుషుల ముఖాలను కాలానికి అందకుండా దాచిన మనిషి మన సికింద్రాబాదులోనే స్టూడియో పెట్టి బతికాడు. ఆయన పేరు రాజా దీన్ దయాళ్.

దీన్ దయాళ్ 1844లో మీరట్ దగ్గర సర్ధనా అనే ఊళ్ళో జన్మించాడు. జైన కుటుంబం, నగల వ్యాపారం. రూర్కీలోని థామసన్ సివిల్ ఇంజనీరింగు కాలేజీలో చదివి 1866లో బయటికి వచ్చాడు. ఆ కాలేజీయే నేటి రూర్కీ ఐ.ఐ.టి. చదువు కాగానే ఇండోరులో పబ్లిక్ వర్క్స్ శాఖలో ఎస్టిమేటరుగా, డ్రాఫ్ట్స్‌మన్‌గా ఉద్యోగం దొరికింది. అంటే ఫలానా కట్టడానికి ఎంత రాయి, ఎంత సున్నం, ఎంత ఖర్చు అని లెక్కగట్టడం, ప్లాను గీయడం. ముఫ్ఫై ఏళ్ళు వచ్చేవరకు ఆయన పని అదే. కెమెరా పట్టింది 1874 ప్రాంతాల్లో. ఇండోరు మహారాజు రెండవ తుకోజీరావు హోల్కరు, ఆంగ్లేయ అధికారి సర్ హెన్రీ డేలీ ఆయన చేతిపనిని మెచ్చుకుని ప్రోత్సహించారు. 1875–76లో వేల్సు యువరాజు మన దేశానికి వచ్చినప్పుడు ఆ ఫోటోలు తీసే అవకాశం కూడా దీన్ దయాళ్‌కి వచ్చింది.

ఆ రోజుల్లో ఫోటో తీయడమంటే ఏమిటో కాస్త వివరంగా చెప్పాలి. ఈ జీవితం అర్థం కావాలంటే అది తెలియాలి. కెమెరా అంటే ఒక చెక్క పెట్టె. ముందు ఇత్తడి గొట్టంలో లెన్సు, మధ్యలో మడతలు పడే తోలు తిత్తి, వెనక మసక గాజు. ఆ గాజు మీద బొమ్మ తలకిందులుగా పడుతుంది. ఫోటోగ్రాఫరు నల్లగుడ్డ కప్పుకుని దాన్ని సరిచూసుకుంటాడు. అసలు కష్టం పెట్టెలో లేదు, అందులో పెట్టే గాజు పలకలో ఉంది. పలకను శుభ్రంగా తుడిచి, కొలోడియన్ అనే జిగట ద్రవం పోసి, మూలమూలకీ సమంగా పరచాలి. చీకట్లో సిల్వర్ నైట్రేటు ద్రావణంలో ముంచాలి. తడి ఆరకముందే కెమెరాలో పెట్టి ఫోటో తీసి, ఆరకముందే తెచ్చి కడగాలి. అంతా పది పదిహేను నిమిషాల్లో అయిపోవాలి. పీకిన నారు వడిలిపోకముందే నాటెయ్యాలని మా ఊళ్ళో తొందరపడతారే, అలాంటి తొందర. ఎండాకాలమైతే ఇంకా హడావుడి. అందుచేత బయట ఫోటో తీయాలంటే చీకటి డేరా, మందు సీసాలు, నీళ్ళు, గాజు పలకల పెట్టెలు, ఇవన్నీ మోసే కూలీలు వెంట ఉండాల్సిందే.

ఇంకొక చిక్కు. ఆ కాలంలో సాధారణంగా నెగటివు ఎంతో ఫోటో అంతే. గాజు పలకను కాగితం మీద ఆనించి ఎండలో పెడితే అచ్చు దిగేది. పెద్ద ఫోటో కావాలంటే పెద్ద పలక కావాలి, పెద్ద పలకకి పెద్ద కెమెరా మోయాలి. కొండలెక్కి కోటలు తీసే మనిషికి ఇది మామూలు భారం కాదు.

అయినా దీన్ దయాళ్ మోశాడు. 1882లో ఆంగ్లేయ అధికారి సర్ లెపెల్ గ్రిఫిన్‌తో కలిసి మధ్య భారతమంతా తిరిగి గ్వాలియరు, ఖజురహో, సాంచీ కట్టడాలను ఫోటోలు తీశాడు. అవి 1886లో పుస్తకంగా వచ్చాయి. కట్టడాన్ని ఎక్కడ నిలబడి చూస్తే దాని తీరు తెలుస్తుందో ఆ ఇంజనీరు కంటికి తెలుసు. అప్పటికే సర్కారీ ఉద్యోగానికి సెలవు పెట్టాడు. తర్వాత ఉద్యోగాన్నే వదులుకున్నాడు. నెల తిరిగేసరికి జీతం వచ్చే కొలువు వదిలి గాజు పలకలను నమ్ముకోవడమంటే నాకైతే పెద్ద సాహసంగానే కనిపిస్తుంది. మా ఇళ్ళల్లో ఎవరైనా ఆ మాటంటే ఊరంతా కూడి బుద్ధి చెబుతారు!

ఆ తరువాత ఆయన ఎదుగుదల వేగంగా సాగింది. 1885లో వైస్రాయికి ఫోటోగ్రాఫరుగా నియామకం. 1887లో విక్టోరియా రాణి నుంచి గుర్తింపు. ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ తన ఆస్థాన ఫోటోగ్రాఫరుగా చేసుకున్నాడు. 1886లో సికింద్రాబాదులో స్టూడియో వెలిసింది. నిజాం వేటలు, దర్బారులు, చౌమహల్లా, ఫలక్‌నుమా, అతిథులు, సైన్యం అన్నీ ఆయన పలకలమీదికి ఎక్కాయి. నిజాం ఆయనకు రాజా బహదూర్ ముసవ్విర్ జంగ్ అనే బిరుదు ఇచ్చాడు. ముసవ్విర్ అంటే చిత్రకారుడు. 1896లో బొంబాయిలో కూడా పెద్ద స్టూడియో తెరిచాడు.

ఈ ఎదుగుదల వెనక ఒక ఎంపిక ఉంది. దాన్నిగురించి చెప్పడానికే ఈ వ్యాసం మొదలుపెట్టాను. 1871లో మాడాక్స్ అనే ఇంగ్లీషు డాక్టరు జిలాటిన్‌లో సిల్వర్ బ్రోమైడు కలిపి గాజుకు పూసే పద్ధతి ప్రకటించాడు. కొద్ది ఏళ్ళలోనే ఈ పొడి ప్లేట్లు కంపెనీల్లో తయారై పెట్టెల్లో అమ్మకానికి వచ్చాయి. ముందే తెచ్చి ఉంచుకోవచ్చు, ఫోటో తీశాక తీరికగా కడుక్కోవచ్చు. అన్నిటికీ మించి, తడి ప్లేటుకు సెకన్లు పట్టే చోట దీనికి సెకనులో చిన్న భాగం చాలు. దీన్ దయాళ్ తడి ప్లేటులో చెయ్యి తిరిగినవాడు. అయినా దాన్నే పట్టుకుని వేలాడకుండా 1880లలో పొడి ప్లేటుకి మారాడు. అందువల్లనే పరుగెత్తే గుర్రాలూ, కవాతు చేసే సైనికులూ ఆయన ఫోటోల్లో చెరిగిపోకుండా నిలబడ్డారు.

గుర్రాల సంగతి సరే. కదలకుండా ఉండమంటే వినని ఇంకొక జాతి ఉంది: పసిపిల్లలు. తడి ప్లేట్ల కాలంలో సీమలో చంటిబిడ్డ ఫోటో తీయాలంటే తల్లి మీద గుడ్డ కప్పి కుర్చీలా కూర్చోబెట్టి, ఆమె ఒళ్ళో బిడ్డను పెట్టి తీసేవారు. బిడ్డ కదలకుండా పట్టుకునేది తల్లి. ఫోటోలో కనిపించకుండా పోయేదీ తల్లే. పెద్దవాళ్ళకైతే తల వెనక ఇనుప పట్టీ ఆనించేవారు. అందుకే ఆనాటి ముఖాలు అంత బిగుసుకుని ఉంటాయి. అవి దిగులు ముఖాలు కావు, ఊపిరి బిగబట్టిన ముఖాలు. ప్లేటు వేగం పెరిగాకనే ఇంటిల్లిపాదీ కాస్త తేలికగా కూర్చోగలిగారు.

కాని ప్లేటు ఒక్కటే చాలదని దీన్ దయాళ్ గ్రహించాడు. హైదరాబాదులో గొప్ప ఇళ్ళ ఆడవాళ్ళకు పరదా. పరాయి మగవాడి ఎదుట ముఖం చూపరు. అంటే ఇంటాయన ఫోటో ఉంటుంది, కొడుకుల ఫోటో ఉంటుంది, ఆ కొడుకుల్ని కన్న తల్లి ఫోటో ఉండదు. 1892లో ఆయన హైదరాబాదులో ఆడవాళ్ళ కోసమే ప్రత్యేకంగా జనానా స్టూడియో తెరిచాడు. చుట్టూ ఎత్తయిన గోడలు, లోపల అంతా స్త్రీలే. నడిపించింది కెన్నీ-లెవిక్ అనే ఆంగ్లేయ వనిత. ఆస్థాన ఫోటోగ్రాఫరు తన స్టూడియోలోకి తానే అడుగుపెట్టకుండా ఏర్పాటు చేసుకున్నాడన్నమాట! ఆయన తీసిన రాజుల ఫోటోలన్నిటికంటే, ఆయన తీయకుండా తప్పుకున్న ఈ ఫోటోలే నాకు గొప్పగా తోస్తాయి. ఎదుటి మనిషికి ఏది ఇబ్బందో తెలుసుకుని తన పనినే మార్చుకోవడం అందరివల్లా అయ్యేది కాదు.

ఆయన కెమెరా దర్బారుల దగ్గరే ఆగిపోలేదు. 1890ల చివర నిజాం రాజ్యంలో కరువు వచ్చినప్పుడు ఔరంగాబాదు ప్రాంతంలో సహాయక పనులను, ఎముకలు తేలిన జనాన్ని ఫోటోలు తీసి సర్కారు ముందు పెట్టారు. 1903 ఢిల్లీ దర్బారు ఆయన చివరి పెద్ద పనుల్లో ఒకటి. 1904లో కుమారుడు ధర్మచంద్ కన్నుమూశాడు. మరుసటి ఏడు, 1905 జూలైలో దీన్ దయాళ్ మరణించాడు. మరొక కుమారుడు జ్ఞాన్‌చంద్ కొంతకాలం స్టూడియో నడిపాడు. మిగిలిన గాజు నెగటివులలో 2,857 పలకలను 1989లో ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రం సేకరించి భద్రపరిచింది. 2006లో ఆయన పేరిట తపాలా బిళ్ళ వెలువడింది.

ఇప్పుడు ఈ జీవితం మనకెందుకు పనికివస్తుందో చెబుతాను. మా అక్కావాళ్ళు భవానీపురంలో ఉంటారు. మా బావగారు పెళ్ళిళ్ళకు ఫోటోలు తీస్తారు. ఇకమీదట కుటుంబాల ఫోటోలు, పురిటిబిడ్డల ఫోటోలే ప్రత్యేకంగా తీద్దామని కొత్త కెమెరా బాడీ కొనే ఆలోచనలో ఉన్నారు. మా నాన్నగారు మినుముల డబ్బులో కొంత సర్దుతానన్నారు. ఒక పంట డబ్బు పెట్టి కొనే వస్తువు కాబట్టి ఇంట్లో రోజూ చర్చే. సైన్సు చదువుతున్నావు కదా, చెప్పరా అని నన్నడిగితే నేను దీన్ దయాళ్ లెక్క ప్రకారమే ఆలోచించాను.

ఆయన కాలంలో పెట్టె ఒకటి, ప్లేటు వేరొకటి. ప్లేటు మార్చితే చాలు, కెమెరా కొత్తదైపోయేది. ఇవాళ ప్లేటు స్థానంలో సెన్సారు వచ్చింది. అది బాడీలోనే బిగించి ఉంటుంది. కాబట్టి బాడీ ఎంచుకోవడమంటే జీవితకాలపు ప్లేటు ఎంచుకోవడమే. పురిటిగదిలో వెలుతురు తక్కువ, బిడ్డ కళ్ళ మీద ఫ్లాష్ కొట్టడం మాకెవరికీ ఇష్టంలేదు. అందుచేత 36 బై 24 మిల్లీమీటర్ల ఫుల్ ఫ్రేమ్ సెన్సారు మేలు. వైశాల్యం ఎక్కువ గనుక ఎక్కువ కాంతి పడుతుంది, బొమ్మలో గరుకు తగ్గుతుంది. నిద్రపోయే బిడ్డ ఉలిక్కిపడకుండా చప్పుడులేని షట్టరు ఉండాలి. అయితే అది సెన్సారును వరుస తరువాత వరుసగా చదువుతుంది; మన కరెంటు మీద కొన్ని దీపాలు సెకనుకు 100 సార్లు మిణుకుతాయి కాబట్టి బొమ్మలో చారలు పడవచ్చు. కిటికీ వెలుగుకైతే ఆ బాధ లేదు. కళ్ళను తానే వెతికి ఫోకసు చేసే సౌకర్యం కావాలి. రెండు మెమరీ కార్డులు పెట్టే వీలుండాలి. ఉయ్యాలలో వేసే ఇరవై ఒకటో రోజు మళ్ళీ రాదు కదా! ఒక చెయ్యి బిడ్డకు ఆసరాగా ఉంచాలి గనుక బరువు తక్కువుండాలి. డబ్బంతా బాడీకే పోసి లెన్సుకు మిగల్చకపోతే మాత్రం దుక్కి బాగా దున్ని విత్తనం కొనలేకపోయిన రైతు కథే అవుతుంది.

వీటన్నిటికంటే ముందు మా బావగారికి చెప్పింది జనానా స్టూడియో సంగతి. పురిటిగదిలోకి కొత్త మగవాడు కెమెరాతో వస్తే బాలింత ఇబ్బంది పడుతుంది. బిడ్డను ముద్దుగా కనపడాలని వంచడం, మడవడం ప్రమాదం కూడా. ఆ గదిలో ఫోటోలు అక్కే తీస్తే మేలన్నాను. ఆమె ఇద్దరు పిల్లల తల్లి, బిడ్డను ఎలా ఎత్తుకోవాలో ఆమెకు తెలుసు. ఇప్పుడు రోజూ పున్నమి ఘాట్ దగ్గర పొద్దుటి వెలుగులో అక్క కెమెరా నేర్చుకుంటోంది. అందుకని కొనే బాడీ బావగారి చేతికి కాక అక్క చేతికి ఇమడాలని తేల్చారు. చర్చ సగం అక్కడే తెగిపోయింది.

సికింద్రాబాదు నుంచి బెజవాడకు 1889లోనే రైలు దారి పడింది. అయినా ఆ వెలుగు మా పల్లెల దాకా రావడానికి చాలా కాలం పట్టింది. మా నాయనమ్మకి పెళ్ళినాటి ఫోటో లేదు, చిన్నప్పటిది అసలే లేదు. ఆమె తల్లి ఎలా ఉండేదో చెప్పగలిగినవాళ్ళు ఇవాళ మా ఇంట్లో ఎవరూ లేరు. గొప్పవాళ్ళ ముఖాలు ఎలాగూ నిలుస్తాయి. గోడల వెనక ఉన్న ముఖం కూడా నిలవాలని తపించి, అందుకు తగిన పనిముట్టునూ, తగిన పద్ధతినీ, తగిన మనిషినీ ఎంచుకున్నవాడు దీన్ దయాళ్. పనిముట్టు కొనబోయే ప్రతి విద్యార్థి, అది కెమెరా కానివ్వండి, మైక్రోస్కోపు కానివ్వండి, అది ఎవరికోసమో ముందుగా నిర్ణయించుకుంటే ఆ మహనీయుడికి అదే నిజమైన నివాళి.