నాట్ ఫ్లైషర్

ముష్టియుద్ధము ముగిసిన పిమ్మట జయధ్వానములు సద్దుమణగును. కొన్ని సంవత్సరములకు యోధుని బలము క్షీణించును. అతని పేరు సైతము జనుల నోట మరుగుపడును. అట్లు మరుగుపడనీయక జీవితమంతయు శ్రమించిన వాడు నాట్ ఫ్లైషర్.

అతడు 1887వ సంవత్సరమున అమెరికాలోని న్యూయార్కు నగరమున జన్మించెను. అచ్చటి సిటీ కళాశాలలో చదివి, పత్రికా రచయితయై, 1922లో మిత్రులతో కలిసి ‘ది రింగ్’ అను ముష్టియుద్ధ పత్రికను స్థాపించెను. తాను మరణించువరకు, అనగా యాబది సంవత్సరములు, దానికి సంపాదకుడుగా నుండెను.

పూర్వయోధులలో ఎవరెవరు ఎప్పుడు పోరాడిరో, ఎవరు గెలిచిరో తెలుపు వివరములు చెల్లాచెదరుగా నుండెడివి. ఫ్లైషర్ వానిని ఓపికతో సమకూర్చి, ఏటేట ఒక గ్రంథముగా ప్రకటింపసాగెను. అంతియేకాక, యోధులు ధరించిన చేతితొడుగులను, విజేతల నడికట్లను, ఛాయాచిత్రములను సేకరించి ప్రదర్శనశాలగా అమర్చెను.

అతడు సేకరించిన వానిలో ఒక విచిత్రమైన పత్రము కలదు. జాక్ జాన్సన్ 1908లో హెవీవెయిట్ ప్రపంచ విజేతయైన తొలి నల్లజాతి యోధుడు. అతడు 1915లో హవానా నగరమున, మండుటెండలో, జెస్ విల్లార్డు చేతిలో 26వ రౌండున ఓడిపోయెను. తరువాత, తాను కావలెననియే ఓడితినని వ్రాసి, సంతకము చేసి, ఆ కాగితమును ఫ్లైషరునకు విక్రయించెను. సంతకము జాన్సనుదే. కాని అందలి మాట నిజమా? ముప్పదియేడేండ్ల జాన్సను తనకంటె చిన్నవాడును, మిక్కిలి పొడగరియునగు ప్రత్యర్థితో పోరి అలసియే ఓడెనని ఫ్లైషర్ తలచెను. అందుచే ఆ పత్రమును కొనెనే గాని, దానిని విశ్వసింపలేదు. ధనమిచ్చి కొన్న వస్తువైనను పరీక్షింపకుండ సత్యమని చాటుట అతనికి సమ్మతము కాదు.

ఆ దినములలో వర్ణభేదము వలన పలువురు నల్లజాతి యోధులకు విజేతలతో తలపడు అవకాశమే లభింపలేదు. పీటర్ జాక్సన్ మహాబలుడయ్యును, నాటి విజేతయగు సల్లివాన్ అతనితో పోరుటకు అంగీకరింపలేదు. అట్టివారి చరిత్రలను ఫ్లైషర్ 1938 మొదలు అయిదు సంపుటములుగా వెలువరించెను. బరిలో చోటు దక్కనివారికి గ్రంథమున చోటు దక్కెను.

1972లో ఫ్లైషర్ దివంగతుడయ్యెను. ప్రసిద్ధుల సంతకములను, వస్తువులను కూడబెట్టువారు లోకమున అనేకులు కలరు. వాని వెనుకనున్న మనుష్యుని, సత్యమును వెదకువారు కొందరే. ఫ్లైషర్ ఆ కొందరిలో ఒకడు.