పుట్టిన బిడ్డకు పాపం ఎక్కడిది? అగస్టీన్ జీవితం, జన్మపాపం కథ

వీడియోలో పట్టనివి ఇక్కడ తీరిగ్గా చెప్పుకుంటాం కదా. ఈసారి మన సంప్రదాయానికి బయట ఉన్న ఒక మనిషి జీవితం చూద్దాం.

1893 సెప్టెంబరులో చికాగో సభలో స్వామి వివేకానంద హిందూ ధర్మం మీద ఒక వ్యాసం చదివారు. మనిషిని పాపి అని పిలవడాన్ని అందులో ఆయన గట్టిగా తప్పుపట్టారని మనలో చాలామందికి తెలుసు. మరి ఆ శ్రోతల్లో చాలామంది పెరిగిన మతంలో ఆ మాట ఎక్కడినుంచి వచ్చింది? ఇంకా కళ్లు తెరవని బిడ్డకు కూడా పాపం ఉంటుందని ఎవరు, ఎందుకు అన్నారు? క్రైస్తవులందరూ అలాగే నమ్ముతారా?

బైబిల్ మొదటి పుస్తకంలో ఆదాము, హవ్వ దేవుడు వద్దన్న పండు తిన్న కథ ఉంది. దాన్ని తీసుకుని, ఒక్క మనిషి ద్వారా పాపం, మరణం లోకంలోకి వచ్చాయని పౌలు రోమీయులకు రాసిన లేఖలో వివరించాడు. మూడో శతాబ్దంలో కార్తేజ్ బిషప్ సిప్రియన్, పసిబిడ్డకు బాప్తిస్మం ఇచ్చేది తన తప్పులకు కాదు, వేరొకరి తప్పు కడగడానికి అన్నాడు. ఈ ముక్కలన్నీ కలిపి పూర్తి సిద్ధాంతంగా కట్టింది మాత్రం అగస్టీన్. ఆయన జీవితం చూస్తే ఆ సిద్ధాంతం ఎందుకు అలా తయారైందో అర్థమవుతుంది.

థగాస్తే కుర్రాడు

అగస్టీన్ 354 నవంబరు 13న థగాస్తే అనే చిన్న ఊళ్లో పుట్టాడు. ఇప్పుడు అది అల్జీరియాలో సూక్ అహ్రాస్ అనే పట్టణం. అప్పట్లో రోమన్ సామ్రాజ్యంలో ఉండేది. తండ్రి పాట్రీషియస్ పాత రోమన్ దేవతల్ని కొలిచేవాడు, చనిపోయే ముందు మాత్రమే బాప్తిస్మం తీసుకున్నాడు. తల్లి మోనికా గట్టి క్రైస్తవురాలు. ఇంట్లో డబ్బు అంతంతమాత్రం. అందుకే పదహారేళ్లప్పుడు అగస్టీన్ చదువు ఒక ఏడాది ఆగిపోయింది.

ఆ ఖాళీ ఏడాదిలోనే ఒక రాత్రి స్నేహితులతో కలిసి పక్క తోటలో పియర్ పళ్లు దొంగిలించాడు. ఆకలి వేసి కాదు, ఇంట్లో అంతకంటే మంచి పళ్లే ఉన్నాయి. కోసినవి చాలావరకు పందులకు పారేశారు. మనకైతే ఇది కుర్రాళ్ల అల్లరి. కానీ పాతికేళ్లకు పైగా గడిచాక తన ఆత్మకథ 'కన్ఫెషన్స్'లో ఆయన దీని మీద పేజీలకు పేజీలు రాశాడు. లాభం లేదు, అవసరం లేదు, అయినా తప్పు చేయడమే తనకు రుచిగా అనిపించింది. అది ఎందుకు అన్నదే ఆయన్ని వదలని ప్రశ్న.

తప్పు నాది కాదు

పదిహేడేళ్లకు పై చదువు కోసం కార్తేజ్ వెళ్లాడు. అక్కడ ఒక స్త్రీతో కలిసి బతకడం మొదలుపెట్టాడు. వాళ్లకు అడియోడేటస్ అనే కొడుకు పుట్టాడు, ఆ పేరుకు దేవుడిచ్చినవాడు అని అర్థం. మన దేవదత్తుడు లాంటి పేరన్నమాట.

అదే కాలంలో మానీ మతంలో చేరి తొమ్మిదేళ్లు ఉన్నాడు. పర్షియా ప్రాంతంలో పుట్టిన ఆ మతం ప్రకారం లోకంలో వెలుగు, చీకటి అనే రెండు శక్తులు ఎప్పుడూ పోరాడుతూ ఉంటాయి. మనిషి తప్పు చేస్తే అది అతనిలో చిక్కుకున్న చీకటి పని. కుర్రవాడికి ఇది హాయిగా ఉండే సమాధానం, ఎందుకంటే తప్పు జరిగింది కానీ చేసింది నేను కాదు. అయితే మెల్లగా ఆయనకు అనుమానాలు మొదలయ్యాయి. అవి తీరుస్తాడని ఎంతో ఎదురుచూసిన ఫౌస్టస్ అనే గురువు, తీరా కలిస్తే మాటకారే కానీ లోతు లేనివాడని తేలింది.

383లో రోమ్‌కి, మరుసటి ఏడాది మిలాన్‌కి వెళ్లాడు. మిలాన్‌లో అలంకారశాస్త్రం నేర్పే ప్రభుత్వ ఉద్యోగం, చక్రవర్తి దర్బారుకు దగ్గర. అప్పటి లెక్కలో కెరీర్ పీక్. అక్కడి బిషప్ అంబ్రోస్ ప్రసంగాలు వినడం మొదలుపెట్టాడు. చెడు అనేది విడిగా ఒక శక్తి కాదు, మంచి లోపించడమే చెడు అనే ఆలోచన ఆయనకు ఇక్కడే కుదిరింది. కానీ దాంతో పాత ఊరట పోయింది. చీకటి శక్తి లేకపోతే తప్పు చేసింది ఎవరు? తనే.

మిలాన్ తోట

తల్లి మంచి సంబంధం చూసింది. పెళ్లి కుదరాలంటే ఇన్నేళ్లు తోడున్న స్త్రీని పంపించెయ్యాలి. ఇక వేరే మగవాడితో ఉండనని మొక్కుకుని, కొడుకుని అతని దగ్గరే వదిలి ఆమె ఆఫ్రికా వెళ్లిపోయింది. తన గుండె తెగి రక్తం కారిందన్నట్టు అగస్టీన్ తర్వాత రాసుకున్నాడు, కానీ ఆమె పేరు మాత్రం ఎక్కడా రాయలేదు. నిశ్చయమైన అమ్మాయికి ఇంకా పెళ్లి వయసు రాలేదు, రెండేళ్లు ఆగాలి. అంతవరకు కూడా ఉండలేక ఆయన ఇంకో స్త్రీని చేరదీశాడు.

ఈ జీవితం వదలాలని ఆయనకు నిజంగా ఉంది. కానీ వదలలేకపోయాడు. చెయ్యి కదలాలని మనసు ఆజ్ఞాపిస్తే చెయ్యి కదులుతుంది, అదే మనసు తనని తాను ఆజ్ఞాపించుకుంటే మాత్రం వినదు. ఇదేమిటని తల పట్టుకున్నాడు. గీత మూడో అధ్యాయంలో అర్జునుడు ఇదే అడుగుతాడు, ఇష్టం లేకపోయినా ఎవరో బలవంతంగా తోసినట్టు మనిషి పాపం ఎందుకు చేస్తాడని. కృష్ణుడు కామాన్ని, క్రోధాన్ని శత్రువులుగా చూపిస్తాడు. అగస్టీన్ సమాధానం వేరే దారి పట్టింది.

386 ఆగస్టులో ఒక రోజు తోటలో ఏడుస్తూ కూర్చున్నాడు. పక్కింటి నుంచి ఓ పిల్ల గొంతు వినిపించింది, పుస్తకం తీసి చదవమన్నట్టు ఏదో పాట. పౌలు లేఖలు తెరిచి కళ్ల ముందు పడిన వాక్యం చదివాడు. అంతే, లోపలి పోరాటం ఆగింది. ఏళ్ల తరబడి తను చేయలేనిది ఒక్క క్షణంలో అయిపోయింది. కాబట్టి అది తన బలం కాదు, దేవుడి కృప అని ఆయన నమ్మాడు. 387 ఈస్టరుకి కొడుకుతో కలిసి అంబ్రోస్ చేతుల మీదుగా బాప్తిస్మం తీసుకున్నాడు. అదే ఏడాది తల్లి, తర్వాత కొద్ది కాలానికే కొడుకు చనిపోయారు.

391లో హిప్పో అనే రేవు పట్టణంలో జనం పట్టుబట్టి ఆయన్ని గురువుగా చేశారు. నాలుగైదేళ్లకు బిషప్ అయ్యాడు. 396 ప్రాంతంలో మిలాన్ మిత్రుడు సింప్లీషియన్ అడిగిన ప్రశ్నలకు జవాబు రాస్తూ ఒక నిర్ణయానికి వచ్చాడు. మంచి వైపు తిరగాలనే మొదటి కోరిక కూడా మనిషి సొంతం కాదు, అదీ దేవుడిచ్చేదే. ఆదాము పడిపోయినప్పుడే అతనిలో మానవజాతి అంతా పడిపోయింది. మా భాషలో చెప్పాలంటే బేస్ క్లాస్‌లో తప్పు పడితే, దాన్నుంచి వచ్చిన ప్రతి క్లాస్‌లోనూ అది ఉంటుంది. అయితే అగస్టీన్ లెక్కలో వారసత్వంగా వచ్చేది బలహీనత ఒక్కటే కాదు, దోషం కూడా.

బ్రిటన్ నుంచి వచ్చిన సాధువు

అప్పట్లో రోమ్‌లో పెలాగియస్ అనే నిష్ఠాపరుడు ఉండేవాడు. పుట్టింది బ్రిటన్‌లో. పెద్దింటివాళ్లకు నీతి బోధించేవాడు. 'కన్ఫెషన్స్'లో ఒక ప్రార్థన విని ఆయనకు కోపం వచ్చింది. నువ్వు ఏది చెయ్యమంటావో అది చేసే శక్తి కూడా నువ్వే ఇవ్వు అని దేవుణ్ణి అడిగే ప్రార్థన అది. అలా అంటే మనిషి చేతులు ముడుచుకుని కూర్చోడా? చేయలేని పని దేవుడు ఎందుకు చెయ్యమంటాడు? పాపం వారసత్వంగా రాదు, ఆదామును అనుకరించడం వల్ల, అలవాటు వల్ల వస్తుంది. ఇదీ పెలాగియస్ వాదం.

410లో గోత్‌లు రోమ్‌ని దోచుకున్నప్పుడు పెలాగియస్ ఆఫ్రికా మీదుగా పాలస్తీనాకు వెళ్లిపోయాడు. దారిలో కార్తేజ్‌లో ఒకటి రెండుసార్లు అగస్టీన్ కంటపడ్డాడు, అంతే. ఇద్దరూ కూర్చుని వాదించుకున్నది లేదు, అంతా పుస్తకాల యుద్ధమే. 415లో పాలస్తీనాలో జరిగిన బిషప్‌ల సభ పెలాగియస్‌ని నిర్దోషి అంది. 418లో చక్రవర్తి హొనోరియస్ శాసనం, కార్తేజ్ సభ, చివరికి పోప్ కూడా ఆ వాదాన్ని తోసిపుచ్చారు.

పసిపిల్లల దగ్గర చిక్కు

అగస్టీన్ వాదంలో అన్నిటికంటే కష్టమైన చోటు ఇదే. ఆ రోజుల్లో చాలామంది పిల్లలు పసితనంలోనే చనిపోయేవారు. ప్రాణం పోతున్న బిడ్డను ఎత్తుకుని తల్లులు బాప్తిస్మం కోసం చర్చికి పరిగెత్తేవారు. అగస్టీన్ అడిగేవాడు, బాప్తిస్మం పాపాలు పోవడానికే కదా, మరి ఏ పాపమూ చేయని బిడ్డకు ఎందుకు ఇస్తున్నాం? రోగాలతో ఆ బిడ్డ పడే బాధ చూడండి, దేవుడు న్యాయవంతుడైతే నిర్దోషిని ఎందుకు బాధపెడతాడు? ఏదో దోషం ఉండి తీరాలి. ఈ లెక్కను చివరిదాకా తీసుకెళ్లి, బాప్తిస్మం లేకుండా పోయిన పసివాళ్లకూ శిక్ష తప్పదు, కాకపోతే అన్నిటికంటే తేలికైన శిక్ష అన్నాడు.

దీన్ని ఎక్లానమ్ బిషప్ జూలియన్ పట్టుకున్నాడు. అగస్టీన్ పాత మిత్రుడి కొడుకే ఆయన. పసిపిల్లల్ని శిక్షించే దేవుడు న్యాయవంతుడు ఎలా అవుతాడు? దాంపత్యం, కోరిక దేవుడి సృష్టిలో భాగమైతే వాటి ద్వారా పాపం ఎలా పాకుతుంది? నువ్వు మానీ మతం ఇంకా వదల్లేదన్నమాట అని దెప్పాడు. అగస్టీన్ ఆ దెబ్బకు చనిపోయేదాకా జవాబులు రాస్తూనే ఉన్నాడు.

ఇంకో చిక్కు భాషది. పౌలు రాసింది గ్రీకులో. అగస్టీన్‌కి గ్రీకు అంతగా రాదు. ఆయన చేతిలోని లాటిన్ అనువాదంలో అందరూ ఆదాములోనే పాపం చేశారనే అర్థం వచ్చేలా ఉంది. గ్రీకు మూలాన్ని మాత్రం అందరూ పాపం చేసినందువల్ల అని చదివేవాళ్లే ఎక్కువ. మన తెలుగు బైబిల్‌లో కూడా ఆ అర్థమే ఉంది. అయితే ఆయన సిద్ధాంతం అంతా ఈ ఒక్క మాట మీదే నిలబడలేదు, బాప్తిస్మం ఆచారం, స్వానుభవం ఇంకా పెద్ద స్తంభాలు. పోనీ, పాపం ఎలా సంక్రమిస్తుంది? శరీరంతో పాటు ఆత్మ కూడా తల్లిదండ్రుల నుంచి వస్తుందా, లేక దేవుడు ప్రతి బిడ్డకూ కొత్తగా సృష్టిస్తాడా? 415లో బెత్లెహేములో ఉన్న జెరోమ్‌కి ఉత్తరం రాసి మరీ అడిగాడు. ఆ విషయం చివరివరకూ తేల్చలేదు.

గోడ మీద కీర్తనలు

వయసు మళ్లాక తను రాసిన 93 రచనలు మళ్లీ తీసి, ఎక్కడ ఏం సరిదిద్దాలో రాసుకుంటూ ఒక పుస్తకం చేశాడు. తన కోడ్‌ని తనే రివ్యూ చేసుకున్నట్టు. 430లో వాండల్ సైన్యం హిప్పోని ముట్టడించింది. లోపల జ్వరంతో పడుకున్న అగస్టీన్ పశ్చాత్తాప కీర్తనలు రాయించి గోడకు పెట్టించుకున్నాడు. వాటిని చూస్తూ, ఏడుస్తూ, ఎవరినీ లోపలికి రానివ్వకుండా చివరి రోజులు గడిపాడు. ఆగస్టు 28న, 75 ఏళ్ల వయసులో కన్నుమూశాడు. జూలియన్‌కి రాస్తున్న జవాబు సగంలో ఆగిపోయింది.

తర్వాత ఏమైంది?

పశ్చిమ క్రైస్తవం చాలావరకు ఆయన దారిలోనే నడిచింది. మార్టిన్ లూథర్ అగస్టీన్ పేరున్న సన్యాసి సంఘం నుంచి వచ్చినవాడే, మనిషి సంకల్పం బందీ అని ఇంకా గట్టిగా చెప్పాడు. క్యాథలిక్ చర్చి 1546లో ట్రెంట్ సభలో జన్మపాపాన్ని ధ్రువపరిచింది, కానీ అది బిడ్డ స్వయంగా చేసిన పాపం కాదని బోధిస్తుంది. బాప్తిస్మం లేకుండా పోయిన పసివాళ్లకు కూడా మోక్షం ఉంటుందని ఆశించడానికి కారణాలున్నాయని 2007లో వాటికన్ వేదాంత సంఘం రాసింది. తూర్పున ఆర్థొడాక్స్ చర్చిలు మొదటినుంచీ వేరే మాట చెప్తాయి. ఆదాము నుంచి మనకొచ్చింది మరణం, బలహీనత, అంతేగానీ అతని దోషం కాదు. అంటే క్రైస్తవులంతా ఒకటే నమ్ముతారనుకోవడం పొరపాటు.

మన కర్మ సిద్ధాంతంలో ఎవరి ఖాతా వాళ్లదే, తండ్రి చేసిన తప్పు కొడుకు ఖాతాలో పడదు. అక్కడ మనకీ అగస్టీన్‌కీ పొత్తు కుదరదు. కానీ ఒక్కటి గమనించండి. పూజ చివర ఆత్మప్రదక్షిణ చేస్తూ, నేను పాపిని, పాపంలో పుట్టినవాణ్ణి, శరణు తప్ప దిక్కులేదనే శ్లోకం మన ఇళ్లలో కూడా చెప్పుకుంటాం. ఎదుటివాడి బిడ్డ మీద తీర్పుగా చెప్తే ఆ మాట క్రూరంగా ఉంటుంది. ఒక మనిషి తన గురించి తనే, దేవుడి ముందు నిలబడి చెప్పుకుంటే అదే మాట వినయం అవుతుంది. తోటలో ఏడ్చిన అగస్టీన్ రెండోది చేశాడు. పసిపిల్లల లెక్క దగ్గర మొదటిది చేశాడు. ఆయన్ని చదివేటప్పుడు ఈ రెండిటినీ విడదీసి చూడండి.

వచ్చే వారం మళ్లీ కలుద్దాం. సర్వేజనాః సుఖినోభవంతు.