మనుషుల మనసెరిగిన కలెక్టరు సర్ థామస్ మన్రో

బళ్ళారి, అనంతపురం, కడప, కర్నూలు సీమలలో రెండు శతాబ్దాలు గడిచినా చెరగని పేరు సర్ థామస్ మన్రో. పరాయి ప్రభుత్వం తరఫున శిస్తు వసూలు చేయడానికి వచ్చిన అధికారి పేరును ఇక్కడి రైతులు తమ బిడ్డలకు మన్రోలప్ప అని పెట్టుకున్నారు. రైత్వారీ విధానానికే ఆయనను స్మరించడం పరిపాటి. తన కింద పనిచేసేవారి స్వభావాన్నీ, తన ఎదుట నిలిచినవారి కష్టాన్నీ తెలుసుకుని మెలగిన తీరు కూడా అంతే తెలుసుకోదగినది.

మన్రో 1761 మే 27న స్కాట్లాండులోని గ్లాస్గో నగరంలో ఒక వర్తకుని ఇంట జన్మించాడు. చిన్ననాట తట్టు సోకి వినికిడి కొంత మందగించింది. తండ్రి వ్యాపారం దెబ్బతినడంతో ఈస్టిండియా కంపెనీ సైన్యంలో చేరి 1780లో మద్రాసు చేరుకున్నాడు. యుద్ధాల నడుమనే పారశీ, హిందుస్తానీ నేర్చాడు. 1792 నుంచి ఏడేళ్ళు నేటి కృష్ణగిరి, ధర్మపురి ప్రాంతమైన బారామహల్‌లో అలెగ్జాండర్ రీడ్ కింద పనిచేశాడు. రైతుతో దుబాసీ ద్వారా కాక అతని భాషలోనే మాట్లాడాలన్న పట్టుదల అక్కడ బలపడింది. చెవి మందమైనా ఓపికగా వినే గుణం ఆయనకు అబ్బింది.

1800లో నిజాము కంపెనీకి అప్పగించిన దత్తమండలాలకు మన్రో ప్రధాన కలెక్టరయ్యాడు. నేటి కర్ణాటకలోని బళ్ళారి కూడా ఆ మండలాలలోదే. పాళెగాండ్ర కలహాలతో, దండ్ల దోపిడితో పల్లెలు చితికిపోయి ఉన్న కాలమది. అనంతపురం కేంద్రంగా ఉన్నా, ఆయన ఏడాదిలో అధిక భాగం డేరాలలో గడుపుతూ ఊరూరా తిరిగాడు. పొలాలను కొలిపించి, ఒకరి కొలతను మరొకరిచేత సరిచూపించాడు. భూమి తరం నిర్ణయించేటప్పుడు కరణం, గ్రామపెద్దలతో పాటు రైతులను కూడా కూర్చోబెట్టి వారి అభ్యంతరాలు విన్నాడు. కాగితం మీది లెక్క ఒకటైతే, ఎద్దు చచ్చినవాని గోడు మరొకటని ఆయన గ్రహించాడు.

కింది ఉద్యోగుల విషయంలోనూ ఆయన చూపు భిన్నమైనది. దేశీయ ఉద్యోగులు లంచగొండులని తోటి దొరలు తేలికగా తీర్పు చెప్పేవారు. మన్రో ఆ దోషాన్ని కాదనలేదు. దాని మూలం జాతి స్వభావంలో లేదనీ, పెద్ద బాధ్యత మోపి చాలీచాలని జీతమివ్వడంలో ఉందనీ వాదించాడు. తగిన వేతనం, గౌరవం, పైకెదిగే ఆశ కల్పిస్తే నిజాయితీ దానంతటదే పెరుగుతుందని పైవారికి విన్నవించాడు.

ఆయనలో లోపాలు లేకపోలేదు. రైతు పట్ల చూపిన ఓర్పు పాళెగాండ్రపట్ల చూపలేదు. దాదాపు ఎనభై మంది పాళెగాండ్రను కఠినంగా అణచివేసినందుకు లండన్‌లోని కంపెనీ డైరెక్టర్లే ఆయనను తప్పుపట్టారు. ఆయన నిర్ణయించిన శిస్తు కూడా బరువైనదే. ఆ బరువును స్వయంగా గుర్తించి, 1807లో పావు వంతు తగ్గించాలని సిఫారసు చేశాడు. ప్రభుత్వం వినలేదు సరికదా, రైత్వారీని తొలగించి ఊళ్ళను గుత్తకిచ్చింది. 1820లో తానే మద్రాసు గవర్నరై వచ్చాక రైత్వారీని తిరిగి నెలకొల్పి శిస్తు తగ్గించాడు.

ఆ నమ్మకానికి నడుమ గట్టి పరీక్ష ఎదురైంది. 1814లో న్యాయవిచారణ సంస్కరణల కోసం తిరిగి వచ్చిన మన్రో, కోయంబత్తూరులో ఒక ఖజానా ఉద్యోగి సాగించిన భారీ అక్రమాలను విచారించవలసి వచ్చింది. మరొకరైతే దేశీయులను నమ్మరాదని తేల్చేవారు. మన్రో అలా తేల్చలేదు. 1816 నాటి చట్టాలతో గ్రామ మునసబులకు తీర్పు చెప్పే అధికారం దక్కింది. 1824 డిసెంబరు 31న రాసిన సుదీర్ఘ నివేదికలో ఆయన ఇంకా ముందుకు వెళ్ళాడు. నమ్మకానికీ, గౌరవానికీ దూరం చేస్తే ఏ జాతి అయినా దిగజారుతుందనీ, ఇంగ్లీషువారికి అదే గతి పట్టించినా వారూ అలాగే దిగజారుతారనీ వాదించి, ఉన్నత పదవులను భారతీయులకు ఇవ్వాలని కోరాడు. ఆ కోరిక ఆయన జీవితకాలంలో నెరవేరలేదు.

పదవి విడిచి స్వదేశానికి వెళ్ళబోయే ముందు, దత్తమండలాల ప్రజలను కడసారి చూడాలని మన్రో 1827లో బయలుదేరాడు. దారిలో కలరా సోకింది. జూలై 6న పత్తికొండలో కన్నుమూశాడు. గుత్తిలో ఖననం చేసిన ఆయన అస్థికలను 1831లో మద్రాసు కోటలోని చర్చికి తరలించారు. మంత్రాలయంలో రాఘవేంద్రస్వామి ఆయనకు దర్శనమిచ్చి మాట్లాడారని భక్తులు నేటికీ చెప్పుకుంటారు. తిరుమలలో ఆయన పేర మన్రో గంగాళం ప్రసిద్ధం.

1953లో బళ్ళారి మైసూరు రాష్ట్రంలో కలిసింది. ఎల్లలు మారినా ఇరువైపుల పల్లెలలో ఆ పేరు మిగిలింది. ఎదుటివాని తప్పు చూసినప్పుడు తీర్పుకు ముందు కారణం వెతకడం ఆయన అలవాటు. పదిమందితో కలిసి పనిచేసే ప్రతివారికీ అది అనుసరణీయం.