బ్యాటరీ లేని జెట్

డీసీఎస్ వరల్డ్ ఆడేవాళ్లకి ఏ-4ఈ స్కైహాక్ తెలిసే ఉంటుంది. అది కంపెనీ అమ్మే మాడ్యూల్ కాదు. విమానాల పిచ్చి ఉన్న కొందరు ఖాళీ టైంలో తయారుచేసి ఫ్రీగా పంచిన మాడ్. మొదటిసారి కాక్‌పిట్‌లో కూర్చుంటే ఏ స్విచ్ నొక్కినా లైటు వెలగదు. గ్రౌండ్ క్రూని పిలిచి బయటి నుంచి కరెంటు, ఇంజిన్ తిప్పడానికి గాలి పెట్టించుకోవాలి. బగ్ అనుకునేరు, కాదు! అసలు విమానంలోనే బ్యాటరీ లేదు. ఎందుకు లేదో వెతుక్కుంటూ వెళ్తే నాకు దొరికిన మనిషి ఎడ్ హైనెమన్.

1908లో అమెరికాలోని మిచిగన్‌లో పుట్టారు, పెరిగింది కాలిఫోర్నియాలో. ఇంజనీరింగ్ డిగ్రీ లేదు, అంతా సొంతంగా నేర్చుకున్నదే. మన క్యాంపస్ డ్రైవ్‌కి వచ్చుంటే అప్లికేషన్ దగ్గరే ఆపేసేవాళ్లు. 1926లో డగ్లస్ కంపెనీలో డ్రాఫ్ట్స్‌మన్‌గా చేరి, తర్వాత ఎల్ సెగుండో ప్లాంటుకి చీఫ్ ఇంజనీర్ అయ్యారు. మిడ్‌వే యుద్ధంలో జపాన్ వాహక నౌకల్ని ముంచిన డాంట్‌లెస్ ఆయన డిజైనే.

నాకు బాగా నచ్చింది 1944 జూన్ నాటి సంగతి. నౌకాదళానికి తమ కంపెనీ చేస్తున్న బాంబర్ సరిగ్గా కుదరట్లేదని హైనెమన్‌కి అర్థమైంది. వాషింగ్టన్ వెళ్లి, దాన్ని ఆపేయండి, కొత్త డిజైన్‌కి 30 రోజులివ్వండి అని తనే అడిగారు. అధికారులు ఇచ్చింది మర్నాడు పొద్దుటి దాకానే. ఇద్దరు సహోద్యోగులతో హోటల్ గదిలో కూర్చుని రాత్రికి రాత్రే గీసేశారు. అదే స్కైరైడర్ అయింది. సబ్మిషన్ ముందు రోజు రాత్రి మనమూ కూర్చుంటాం గానీ, ఆ గదిలో అప్పటికే పద్దెనిమిదేళ్ల అనుభవం ఉంది మరి.

1950ల మొదట్లో జెట్లు ఏటికేడు బరువెక్కుతున్నాయి. నౌకాదళం కొత్త దాడి విమానానికి 30,000 పౌండ్ల దాకా ఒప్పుకుంటే, హైనెమన్ దాదాపు అందులో సగానికే చేస్తానన్నారు. ఇక తీసేయడం మొదలైంది. రెక్క 8.4 మీటర్లే కాబట్టి నౌక మీద మడిచే యంత్రాంగం అక్కర్లేదు. రెక్క ముందంచు స్లాట్లకి మోటార్లు లేవు, వేగం తగ్గితే వాటంతటవే జారతాయి, పెరిగితే గాలే లోపలికి నెడుతుంది. ల్యాండింగ్ గేర్ కాడ రెక్క కింద తొడుగులో పడుకుంటుంది, చక్రం మాత్రమే రెక్కలోకి వెళ్తుంది. దాంతో రెక్క ప్రధాన దూలానికి కోత తప్పింది. బ్యాటరీ సంగతి సరే, జనరేటర్ పోతే గాలికి తిరిగే చిన్నదొకటి బయటికి వస్తుంది. 1954 జూన్‌లో ఎగిరింది. 1979 దాకా 2,960 తయారయ్యాయి.

ఇంత తేలిక విమానాన్ని అద్భుతం అని ఊరుకోవడం నాకు కష్టం. వియత్నాంలో అమెరికా నౌకాదళం పోగొట్టుకున్న వాటిలో ఎక్కువ ఇవే. 1967లో హనోయ్ మీద కూలి జాన్ మెకెయిన్ పట్టుబడిందీ ఏ-4ఈలోనే. సిమ్యులేటర్‌లో కూలితే మళ్లీ మొదలుపెడతాం, అంతే.

హైనెమన్ 1960లో డగ్లస్ వదిలి, తర్వాత జనరల్ డైనమిక్స్‌లో ఇంజనీరింగ్ వైస్ ప్రెసిడెంట్‌గా చేశారు. 1991లో పోయారు, మాడ్ చూసే అవకాశం లేదు. మాడ్ చేసినవాళ్లు మాత్రం ఆయన తీసేసినవన్నీ గుర్తుపెట్టుకుని తీసేశారు. స్లో స్పీడ్‌లో గట్టిగా తిప్పి చూడండి, స్లాట్లు వాటంతటవే జారతాయి.