పసిడి సంకెలను నిరసించిన కీన్స్

ఆంగ్ల ఆర్థికవేత్త జాన్ మేనార్డ్ కీన్స్ 1883లో కేంబ్రిడ్జిలో ఒక అధ్యాపకుని కుమారుడుగా జన్మించెను. యౌవనమున లండనులోని ఇండియా ఆఫీసులో పనిచేసి, 1913లో భారతదేశ ద్రవ్యవిధానముపై గ్రంథము ప్రకటించెను. మొదటి ప్రపంచయుద్ధానంతరము బ్రిటిష్ ఆర్థికశాఖ ప్రతినిధిగా పారిస్ శాంతిసభకు వెళ్లి, జర్మనీపై మోయరాని పరిహారభారము మోపుట ఐరోపాకే చేటని తలచి, 1919లో పదవిని త్యజించెను.

యుద్ధమువలన పౌండునకు బంగారముతో గల సంబంధము తెగెను. 1925లో ఆర్థికమంత్రి చర్చిల్ దానిని యుద్ధపూర్వపు విలువకే, అనగా 4.86 డాలర్లకే, మరల నిలిపెను. దేశగౌరవము దక్కినదని పలువురు సంతసించిరి. కీన్స్ లెక్క వేరు. పౌండు విలువ నూటికి పదివంతున హెచ్చినచో బ్రిటిష్ బొగ్గు విదేశములలో ప్రియమగును. ధర తగ్గింపవలెనన్న కూలి తగ్గింపవలెను. పౌండు గౌరవమునకు గని కార్మికుడు మూల్యము చెల్లించును.

అట్లే జరిగెను. 1926లో యజమానులు కూలి తగ్గింపబూనగా కార్మికులు నిరాకరించిరి. మే నెలలో తొమ్మిది దినములు దేశవ్యాప్తముగా సమ్మె సాగెను. అది ముగిసినను గని కార్మికులు నెలల తరబడి నిలిచి, కడకు ఆకలికి లొంగి తక్కువ కూలికే గనులలోనికి దిగిరి. 1931లో బ్రిటన్ ఆ పసిడి బంధమును తానే త్రెంచుకొనెను.

నిరుద్యోగ కారణములను వివరించు మహాగ్రంథమును 1936లో వెలువరించిన కీన్స్ 1946లో మరణించెను. నాణెపు విలువను నిర్ణయించునపుడు ఆ భారము మోయు భుజములనుగూడ లెక్కింపవలెననుట ఆయన నేర్పిన పాఠము.