ఇత్తడిని వెండిగా చెలామణి చేయబోయిన సుల్తాను

న్యూఢిల్లీ: ఆర్.కె. పురం ప్రభుత్వ నివాసాల నుంచి ఆగ్నేయ దిశగా నాలుగైదు కిలోమీటర్లు వెళితే బేగంపూర్ చెంత బిజయ్ మండల్ శిథిలాలు కనిపిస్తాయి. 14వ శతాబ్దంలో ఢిల్లీని ఏలిన మహమ్మద్ బిన్ తుగ్లక్ రాజప్రాసాదంలో మిగిలిన భాగమిదేనని చరిత్రకారుల అభిప్రాయం. అక్కడి ఒక గది నేలలో బావుల వలె తవ్విన గుంటలను నాటి ఖజానాగా పురావస్తు పరిశోధకులు భావించారు. తెలివిమాలిన నిర్ణయాలకు తెలుగునాట మారుపేరుగా నిలిచిపోయిన ఈ పాలకుని జయాపజయాలు రెండూ ఆయన నాణేలపై నమోదై ఉన్నాయి.

ఓరుగల్లు టంకశాల

తుగ్లక్ వంశస్థాపకుడు గియాసుద్దీన్ కుమారుడైన ఈయన తొలి పేరు జౌనా ఖాన్. యువరాజుగా ఉలుగ్ ఖాన్ అన్న బిరుదు వహించి ఓరుగల్లుపై దండెత్తాడు. మొదటి ముట్టడి విఫలమైనా 1323లో కోట వశమైంది. బందీగా ఢిల్లీకి తరలిస్తుండగా కాకతీయ ప్రభువు ప్రతాపరుద్రుడు నర్మదా తీరాన అసువులు బాశాడని విలస తామ్రశాసనం తెలుపుతున్నది. విజేతలు ఓరుగల్లుకు సుల్తాన్‌పూర్ అని పేరు మార్చారు. గియాసుద్దీన్ ఏలుబడిలోనే తిలంగ్ దేశం పేరిట బంగారు టంకాలు వెలువడ్డాయి. కుమారుని కాలానికి సుల్తాన్‌పూర్ పేరు కూడా నాణేలపైకి ఎక్కింది.

నాణెంపై టంకశాల పేరు అలంకారం కాదు. ఆ లోహం తూకానికి, స్వచ్ఛతకు ఎవరు జవాబుదారీయో అది చెబుతుంది. ఇంగ్లండులో ఇందుకోసమే నాణేలపై చిన్న గుర్తులు వేసేవారు. 13వ శతాబ్దం నుంచీ అక్కడ నమూనా నాణేలను వేరుగా పెట్టెలో భద్రపరచి పరీక్షించే పద్ధతి ఉన్నది. నాణెం ఏ కాలంలో, ఎవరి బాధ్యతలో తయారైందో గుర్తును బట్టి తేలేది. లోహంలో లోపం బయటపడితే టంకశాల అధికారి సమాధానం చెప్పుకోవలసి వచ్చేది.

సంకేత నాణేల ప్రయోగం

1325లో సింహాసనమెక్కిన మహమ్మద్ తర్కం, తత్త్వశాస్త్రం, వైద్యం, పారశీక సాహిత్యాలలో దిట్ట. నాణేల విషయంలోనూ కొత్త పోకడలకు వెనుదీయలేదు. బంగారు దీనారు బరువు పెంచి, వెండి నాణెం బరువు తగ్గించాడు. దక్షిణాది విజయాలతో బంగారం సమృద్ధిగా చేరడం, వెండికి కొరత ఏర్పడటం ఇందుకు కారణాలని నాణెశాస్త్రజ్ఞులు వివరిస్తారు. 1327లో రాజధానిని దౌలతాబాద్‌కు మార్చే ప్రయత్నం, ఖురాసాన్ దండయాత్రకై సేకరించిన సైన్యం ఖజానాకు భారమయ్యాయి.

చైనాలో అప్పటికే కాగితపు ద్రవ్యం చెలామణిలో ఉన్నది. పర్షియాలోని తబ్రీజ్‌లో 1294లో అదే ప్రయోగం చేయగా అంగళ్లు మూతబడి, వ్యాపారం స్తంభించింది. అయినా మహమ్మద్ 1329-30లో ఇత్తడి, రాగి టంకాలను విడుదల చేసి, వాటిని వెండి టంకాలతో సమానంగా స్వీకరించాలని శాసించాడు. సుల్తానుకు విధేయులైనవారు దైవానికి విధేయులేనన్న భావం వచ్చే వాక్యాన్ని వాటిపై చెక్కించాడు. ఢిల్లీ, దౌలతాబాద్, ధార్, లఖ్‌నౌతీ, తిర్హుత్‌లతోపాటు సుల్తాన్‌పూర్ పేరుతోనూ ఈ నాణేలు వెలువడ్డాయి.

వెండి నాణేనికి వెండే కాపలా. సరైన తూకానికి నిజమైన వెండితో దొంగనాణెం చేసినవానికి మిగిలేది స్వల్పం. ఇత్తడికి ఆ రక్షణ లేదు. పాలకుని పేరు, టంకశాల పేరు, దైవవాక్యం, అన్నింటినీ నేర్పరి అయిన కంచరి తన కొలిమి వద్దే అచ్చుగుద్దగలడు. అసలునూ నకిలీనీ వేరుచేసే ఏర్పాటు పటిష్ఠంగా లేకపోవడంతో ఇంటింటా టంకశాల వెలసిందని సమకాలిక చరిత్రకారుడు జియాఉద్దీన్ బరనీ రాశాడు. జనం శిస్తును ఇత్తడితో చెల్లించి వెండిని దాచుకున్నారు.

మూడేళ్లు తిరగకుండానే సుల్తాను తన ఆజ్ఞను ఉపసంహరించాడు. అయితే ఇచ్చిన మాటను మాత్రం గాలికి వదలలేదు. ఇత్తడి తెచ్చినవారికి ఖజానా నుంచి బంగారు, వెండి నాణేలు చెల్లించాడు. తిరిగివచ్చిన టంకాలు తుగ్లకాబాద్‌లో కొండల వలె పోగుపడ్డాయని బరనీ కథనం. నష్టమంతా ఖజానాదే అయింది.

చివరి ముద్ర

ఆ తరువాత సామ్రాజ్యం కుంచించుకుపోయింది. 1336 ప్రాంతంలో ముసునూరి కాపయ నాయకుడు ఓరుగల్లును విడిపించాడు. ఢిల్లీ అధికారంతోపాటే సుల్తాన్‌పూర్ అన్న పేరూ అక్కడ అంతరించింది. 1347లో బహమనీ రాజ్యం ఏర్పడి దక్కన్ చేజారింది. చివరి దశాబ్దంలో మహమ్మద్ తన పేరు తొలగించి, కైరోలోని అబ్బాసీ ఖలీఫాల పేర్లతో నాణేలు ముద్రించాడు. 1351 మార్చిలో సింధులోని తట్టా సమీపాన, తిరుగుబాటుదారును తరుముతూ మరణించాడు.

నేడు మన చేతుల్లో తిరిగే నాణేలన్నీ ఒక విధంగా సంకేత నాణేలే. వాటి విలువకు ఆధారం లోహం కాదు, ప్రభుత్వ హామీ. సంవత్సరం కింద నక్షత్రముంటే హైదరాబాద్, వజ్రాకృతి ఉంటే ముంబయి, చుక్క ఉంటే నోయిడా టంకశాలలో తయారైనట్లు. కోల్‌కతా నాణేలపై ఏ గుర్తూ ఉండదు. ఆ నక్షత్రాన్ని నకిలీ చేయడం నేరం. ఆ నేరాన్ని పట్టుకోగల యంత్రాంగం ఉన్నంత కాలమే దానికి విలువ. దాదాపు ఏడు శతాబ్దాల క్రితం ఢిల్లీ సుల్తానుకు ఆలోచన ఉన్నది, అధికారమూ ఉన్నది. లేనిది ఆ యంత్రాంగమే.